మేస్త్రి మీద పాట

తిట్టించుకోవడం కూడా ఉద్యోగంలో భాగమేనని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక మంచి పనివాణ్ణి నెలన్నరపాటు స్టోరు రూములో కూర్చోబెట్టి తుప్పు గీకించేవాణ్ణి కాదు. కొత్తగా సూపర్వైజర్లయిన కుర్రాళ్ళూ, ఇది మీకోసమే రాస్తున్నాను. రిటైరైన మేస్త్రి ఏదో సోది మొదలెట్టాడని పేజీ తిప్పెయ్యకండి. నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదనే నా తాపత్రయం.

నేను రేవులో బొగ్గు దిగే బెర్తు దగ్గర ఖలాసీ గ్యాంగులో పనిచేశాను. ఖలాసీ అంటే బరువులెత్తేవాడు. క్రేను చెయ్యి దూరని చోట గొలుసులూ తాళ్ళూ కప్పీలూ తగిలించి, టన్నుల కొద్దీ ఇనుమును అంగుళం అంగుళం జరిపే పని మాది. గ్యాంగులో సగంమంది నాలాగా సముద్రం మీద వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళు. మిగతా సగం సబ్బవరం వైపు పొలాలమ్మట పెరిగినవాళ్ళు. ఎవరెక్కడివాళ్ళయినా బరువు దగ్గర పద్ధతి ఒక్కటే. ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు మా తాతలు చేసినట్టే, ఒకడు పాట కట్టాలి, తక్కినవాళ్ళు ‘హైసా’ అని ఒక్కసారే లాగాలి.

మా పాటగాణ్ణి గ్యాంగంతా ‘బావ’ అనేవారు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, దూరపు వరసలో నిజంగానే బావ. గొంతేమీ గొప్పది కాదు, బొంగురు. కానీ గొలుసు ఎప్పుడు బిగిసింది, పక్కవాడి చెయ్యి ఎప్పుడు అలిసింది, ఎంతసేపు ఆగి మళ్ళీ అందుకోవాలి, ఇవన్నీ అతనికి కళ్ళు మూసుకున్నా తెలిసేవి. పాటలో మాటలు మాత్రం అప్పటికప్పుడు పుట్టేవి. క్యాంటీను సాంబారు మీద, టైమాఫీసు గుమాస్తా మీద, ఎదురుగా ఎవడు పోతే వాడి మీద. పెద్ద ఆఫీసరయినా సరే, బావ నోటికి దొరికితే నవ్వేసి పోవాల్సిందే. అది మా దగ్గర రివాజు.

ఆ రోజుల్లోనే పోలండ్ నుంచి నలుగురు మనుషులొచ్చారు. బొగ్గు మోసే కొత్త బెల్టుకి వాళ్ళ దేశపు మిషను తెప్పించారు, దాన్ని బిగించి నడిపించి అప్పజెప్పడానికన్నమాట. వాళ్ళలో పెద్దాయనకి తెల్లటి గుబురు మీసాలు. మేం ‘మీసాలాయన’ అని పేరు పెట్టాం, ఆ సంగతి ఆయనకీ చెప్పేశాం, తెగ సంతోషించాడు. మిషన్ల పనిలోకి రాకముందు ఆయన భూమి లోపల పాతికేళ్ళు బొగ్గు తవ్వినవాడు. ఆయన నాన్నా గనివాడే, గని బ్యాండులో పెద్ద బూర ఊదేవాడట. ఆయన ఇంగ్లీషు సగం, నాది పావు. మధ్యలో మా సైటు ఇంజినీరమ్మాయి లేకపోతే మా పని సున్నా.

మొదటి వారమే ఆయన బావ పాట విన్నాడు. సిమెంటు దిమ్మ మీద కూర్చుని, కాలితో తాళం వేస్తూ, అర్థం ఏమిటని ఇంజినీరమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల ఎర్రబడిపోయింది. ఎందుకంటే బావ అప్పుడు పాడుతున్నది ఆయన మీదే.

“మీసాలోడు వచ్చెనూ — హైసా!
మీసం నిండా బొగ్గురా — హైసా!
ఊడ్చి బస్తా కట్టితే — హైసా!
ఓడ ఖాళీ ఎల్లునూ — హైసా!”

ఆ అమ్మాయి నసుగుతూ నసుగుతూ చెప్పింది. ఆయన కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత వాళ్ళ సంగతి చెప్పుకొచ్చాడు. డిసెంబరు నాలుగున వాళ్ళకి గనివాళ్ళ పండగట. బార్బరా అని ఒక పునీతురాలు, భూమి కిందకి దిగేవాళ్ళని కాచే తల్లి. వేటకెళ్ళే ముందు మేం గంగమ్మకి మొక్కినట్టే. ఆ రోజు తెల్లవారకముందే గని బ్యాండువాళ్ళు కార్మికుల వీధులన్నీ తిరుగుతూ బూరలు ఊది జనాన్ని నిద్ర లేపుతారట. ఇంకో వేడుకలో గనివాళ్ళంతా పొడుగు బల్లల దగ్గర రెండు జట్లుగా కూర్చుని, బీరు తాగుతూ పోటీపడి పాడతారట. ఆ పాటల్లో ఆఫీసర్లని ఉతికి ఆరేస్తారట. ఆఫీసర్లు ఎదురుగా కూర్చుని వినాలట, మొహం మాడ్చుకుంటే వాడు గనివాడే కాడని లెక్కట.

నేను అప్పుడే కొత్తగా మేస్త్రినయ్యాను. మెడలో విజిలు, చేతిలో వాకీటాకీ, కాళ్ళకి తళతళలాడే బూట్లు. ‘బాగుందండీ’ అని తలూపి, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

తర్వాత పదిరోజులకి నా గొప్ప బయటపడింది. ఒక పాత మోటారు దించుతుంటే ఇనుపతాడు పోగులు విడిపోతూ ‘పుట్ పుట్’మని చప్పుడు చేసింది. మీకు తెలియకపోతే చెప్తున్నాను, తెగిన ఇనుపతాడు మనిషిని రెండు ముక్కలు చెయ్యగలదు. ఆ చప్పుడు ముందు విన్నది నేనే. మేస్త్రి అన్నవాడు ముందు ‘తప్పుకోండ్రోయ్’ అని కూత వెయ్యాలి, తర్వాత దూకాలి. నేను కూత వెయ్యలేదు. ఒక్క గెంతులో స్తంభం వెనక్కి పోయాను. కూత వేసింది బావ. అందరూ తప్పుకున్నారు, తాడు తెగింది, మోటారు నేలకి కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

మర్నాడు మాత్రం, పెద్ద మేనేజరు వచ్చి నిలబడి చూస్తుండగా, బావ పాట ఎత్తుకున్నాడు.

“తాడు పుటుక్కుమన్నదీ — హైసా!
మేస్త్రి ముందే మాయమూ — హైసా!
కొత్త బూట్లు ఎగిరెనూ — హైసా!
కూత మాట మరిసెనూ — హైసా!”

మేనేజరు పకపకా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమైతే నేనూ నవ్వేసేవాణ్ణేమో. ప్రతి అక్షరం నిజం కాబట్టే ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద ఎప్పటిదో ఒక సేఫ్టీ కాయితం వెతికి పట్టుకున్నాను. బరువులెత్తే చోట అనవసరపు అరుపులు ఉండరాదు, సిగ్నలు ఒక్కరే ఇవ్వాలి. అంతే దొరికింది. మర్నాడు గ్యాంగుని నిలబెట్టి, “ఇయ్యాల్టినుంచి పాటల్లేవు. ఇజిలే,” అన్నాను. బావని పక్కకి పిలిచి స్టోరులో మనిషి కావాలన్నారని చెప్పాను. ఎవరూ అనలేదు, నేనే అడిగి పంపించాను.

బావ నా మొహంలోకి చూశాడు. “ఈ డిసెంబరు నెలాఖరుకి నాను రిటైరు బావా. ముప్పయ్యేళ్ళు గ్యాంగులో సేసి, ఆకర్ని స్టోరు మనిషిగా ఇంటికెల్లమంటావేటి?”

“రూలు బావా. నా సేతిలో ఏటున్నాది?”

“రూలా, రోసమా?” అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. హెల్మెట్టు చంకలో పెట్టుకుని స్టోరు వైపు నడిచాడు.

మీసాలాయన రెండు రోజులాగి, పాట ఏమైందని అడిగాడు. సేఫ్టీ అన్నాను. పైదేశం మనిషి దగ్గర సేఫ్టీ అన్నాక తిరుగేముంది? గ్యాంగు మాత్రం టీ దగ్గర నన్ను చూస్తే మాటలాపేసేవారు. మేస్త్రినని భయపడుతున్నారు, మంచిదే అనుకున్నాను చూడండి, అంత తెలివి నాది.

నవంబరంతా అలాగే గడిచింది. డిసెంబరు మూడున అసలు పని వచ్చింది. బెల్టు నడిపే గేర్‌బాక్సును నేలలోపలి టన్నెల్లోకి తీసుకెళ్ళి దిమ్మ మీద కూర్చోబెట్టాలి. ఏనుగంత బరువు, రెండు పక్కలా గోడకి జానెడు సందు. నాలుగు మూలలా, గొలుసు లాగితే బరువు లేపే చైన్ బ్లాకులు నాలుగు, ఒక్కో గొలుసుకి ఇద్దరేసి. నాలుగు గొలుసుల లాగుడూ ఒక్కసారే పడాలి. ఒక మూల ముందు లేచిందా, బరువంతా ఇంకో మూలకి ఒరిగిపోతుంది.

నేను విజిలు ఊదాను. లోపల గాలి ఫ్యాన్ల హోరు. విజిలు గోడకి తగిలి నాలుగుసార్లు వినపడుతోంది. ఏది నా ఊదుడో, ఏది గోడదో నాకే తెలియలేదు, వాళ్ళకేం తెలుస్తుంది? ఒకడు ముందు లాగాడు, ఒకడు తర్వాత లాగాడు. గేర్‌బాక్సు ఒక్కసారిగా గోడ వైపు వాలింది. అక్కడున్న మనిషి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చెయ్యి వచ్చింది, గ్లోవు రాలేదు. తోలు గ్లోవు గోడకీ ఇనుముకీ మధ్య ఇరుక్కుని, ఐదు వేళ్ళూ చాపుకుని అలా ఉండిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మనిషికి ఇద్దరు ఆడపిల్లలు. నాకేసి చూశాడు గాని ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

మీసాలాయన కిందకి దిగి, ఆ గ్లోవు వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఇంజినీరమ్మాయితో ఏదో చెప్పాడు. “గనిలో దీపం ఆరిపోతే పక్కవాడి గొంతే దిక్కంటున్నారు. మీ గొంతు ఎక్కడుందని అడుగుతున్నారు,” అంది.

“సేఫ్టీ రూలు కదమ్మా,” అన్నాను, నాకే వినపడనంత మెల్లిగా.

ఆ పిల్ల నిక్కచ్చి మనిషి. “నేనూ చదివాను ఆ కాయితం. సిగ్నలు ఒక్కరే ఇవ్వాలని ఉంది. విజిలే ఊదాలని ఎక్కడుంది మేస్త్రిగారూ?” అంది.

మీసాలాయన పని ఆపించేశాడు. రేపు మా పండగ, ముందు పండగ, తర్వాత బరువు అన్నాడు. పొద్దున్న షిఫ్టుకి గ్యాంగు మొత్తం రావాలి, పాటగాడితో సహా. ఒక వెల్డరు తోలు ఆప్రాను కూడా కావాలన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నాలుగో తారీఖు పొద్దున్న ఆరున్నరకి గేటు దగ్గర పెద్ద గొడవ. మీసాలాయన నల్లటి కోటు వేసుకొచ్చాడు, రెండు వరసల ఇత్తడి బొత్తాలు, నెత్తిన నల్ల ఈకల కుచ్చున్న టోపీ. గనివాడి పండగ బట్టలట, అంత దూరం నుంచి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాడు. కొత్త సెక్యూరిటీవాడు అడ్డంగా నిలబడి, “బేండుమేళం ఎవులు పిలిసినారు? పెళ్ళి ఇక్కడ కాదు, ఎల్లు ఎల్లు,” అంటున్నాడు. మేం పరిగెత్తుకెళ్ళి విడిపించాం. ఆయనకి సంగతి చెబితే, మా నాన్నయితే నిజంగా బ్యాండువాడేగా అని నవ్వాడు. ఆ ఉక్కపోతకి టోపీ కింద నుంచి చెమట ధారలుగా కారుతోంది, ఒక్క బొత్తాం కూడా తియ్యలేదు.

టన్నెలు బయట అందరం నిలబడ్డాం. బావ స్టోరు నుంచి వచ్చి చివర్న, నాకు దూరంగా నిలబడ్డాడు. ఫోనుకి స్పీకరు తగిలించి వాళ్ళ ఊరి బ్యాండు వినిపించారు. బూరల మోత బొగ్గు కుప్పల మీదుగా పోయింది. మొదట్లో మావాళ్ళు ముసిముసిగా నవ్వారు, తర్వాత ఎవరూ కదల్లేదు. మావాడొకడు బూట్లు విప్పేసి దణ్ణం పెట్టుకున్నాడు. ఇంకొకడు అలవాటు ప్రకారం గేర్‌బాక్సు కోసం టన్నెలు మొగదలే కొబ్బరికాయ కొట్టాడు.

అప్పుడు ఆయన జేబులోంచి ఇంకో కుచ్చు తీశాడు, ఎర్రది. నల్ల ఈకలు గనివాడివి, ఎర్రవి బ్యాండువాడివట. అది ఆయన నాన్నది. నేరుగా బావ దగ్గరికి నడిచి, ఆ ఎర్ర కుచ్చుని బావ పసుప్పచ్చ హెల్మెట్టుకి గుచ్చాడు. బావ గుడ్లప్పగించి నిలబడ్డాడు. “ఓలమ్మో, నాను కోడిపుంజులాగున్నానేటి?” అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నెలన్నర తర్వాత మా గ్యాంగు నవ్వగా అప్పుడే విన్నాను.

ఆ తర్వాత తోలు. పూర్వం గనివాళ్ళు తడిరాళ్ళ మీద కూర్చోడానికీ, వాలు మీద జారడానికీ వెనకవైపు తోలు కట్టుకునేవారట. కొత్తగా జట్టులో చేరేవాడు, ఇద్దరు పెద్దలు పట్టుకున్న తోలు మీంచి దూకాలట. దూకితే అప్పట్నించి వాడు మనవాడు. వెల్డరు ఆప్రాను నిప్పురవ్వలకి కాలి చిల్లులు పడి ఉంది. ఒక కొసన మీసాలాయన పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకోమని బావని పిలిచాడు.

“ఎవరు దూకుతారో అడుగుతున్నారు,” అంది ఇంజినీరమ్మాయి.

ఎవరూ కదల్లేదు. నాకేసి ఎవరూ చూడలేదు కూడా. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్న గ్యాంగులో నేనెవరినో నాకు అప్పుడు తెలిసొచ్చింది. మెడలో విజిలు తీసి జేబులో వేసుకుని ముందుకెళ్ళాను.

“దూకే ముందు ఒక మాట సెప్పాల,” అన్నాను. “ఆ రోజు తాడు సప్పుడు ముందిన్నది నానే. కూతెయ్యకుండా పారిపోయినాను. బావ పాటలో అబద్దం నేదు. రూలు కాదు బావా, రోసమే.”

బావ తోలు కొస పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. తర్వాత ఆ తోలుని కొంచెం కిందకి దించాడు. “బేగి దూకు. మోకాళ్ళు నొప్పులు నీకు, నాకు తెల్దేటి?” అన్నాడు.

దూకాను. బూటు మొన తోలుకి తగిలింది, అయినా పడలేదు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు, ఒకడు ఈల వేశాడు. పండగ అయిపోయింది, బరువు మిగిలింది.

పని పర్మిటు కాయితం మీద ‘సిగ్నలు ఇచ్చేవారు’ అన్న చోట రోజూ నా పేరు ఉండేది. ఆ రోజు బావ పేరు నేనే రాశాను. ‘పద్ధతి’ అన్న చోట ‘పాట’ అని తెలుగులో రాసి ఇంజినీరమ్మాయికి ఇచ్చాను. ఆ పిల్ల ఒక్క క్షణం చూసి సంతకం పెట్టేసింది.

టన్నెల్లోకి దిగే ముందు బావ ఎర్ర కుచ్చు ఊడదీసి, నలగకుండా న్యూసుపేపర్లో చుట్టి మీసాలాయన చేతికిచ్చాడు. నేను గ్లోవు ఇరుక్కున్న మూలకి వెళ్ళి, నిన్నటి మనిషి పక్కన నిలబడి గొలుసు పట్టుకున్నాను. అతను కొంచెం జరిగి చోటిచ్చాడు.

“ఏ పాట పాడమంటావు బావా?” మెట్ల పైనుంచి బావ అడిగాడు.

“అదే. తాడు పాట.”

“మళ్ళీ అలగవు కదా?”

“పాడెహె!” అన్నాను.

“తాడు పుటుక్కుమన్నదీ...” ఆ బొంగురు గొంతు ఫ్యాన్ల హోరుని తోసుకుంటూ వచ్చింది. హైసా! ఎనిమిది మంది చేతులూ ఒక్కసారే కిందకి దిగాయి. “మేస్త్రి ముందే మాయమూ...” హైసా! నన్ను తిట్టే పాటకి నేనే అందరికంటే గట్టిగా హైసా కొట్టాను. గేర్‌బాక్సు నాలుగు మూలలా సమంగా లేచింది. గ్లోవు జారి కింద పడింది, పక్కవాడు కాలితో అవతలికి తోసేశాడు. అలా గంటన్నర. లేపడం, జరపడం, ఊపిరి తీసుకోవడం. పాటలోకి క్యాంటీను సాంబారు వచ్చింది, మీసాలు వచ్చాయి, గేటు దగ్గర సెక్యూరిటీవాడి బ్యాండుమేళం వచ్చింది. పైన మీసాలాయన కూడా ‘హైసా’ అంటున్నాడు.

దిమ్మ మీద బోల్టులకి బెజ్జాలు కలిసే చివరి అంగుళం దగ్గర బావ పాట ఆపాడు. అందరం గొలుసులు బిగపట్టి నిలబడ్డాం. అప్పుడు మెల్లిగా, ఎప్పుడూ వినని మాట ఒకటి కట్టాడు.

“మాయమైన మేస్త్రి... — హైసా!
మళ్ళీ వొచ్చి సేరెనూ — హైసా!”

గేర్‌బాక్సు దిమ్మ మీద కూర్చుంది. బొగ్గు ధూళి కళ్ళల్లో పడిందని చెప్పి, బనీనుతో మొహం తుడుచుకున్నాను. ఎవరూ నమ్మలేదు.

నెలాఖరుకి బావ రిటైరయ్యాడు. ఆర్డరు మీద ‘ఖలాసీ గ్యాంగు’ అనే ఉంది. నేను అంతకుముందే స్టోరు వాళ్ళకి రాసి, వెనక్కి పిలిపించాను. ఆ తర్వాత నేనూ దిగిపోయాను. ఇప్పుడు గ్యాంగులో ఒక సబ్బవరం కుర్రాడు పాడుతున్నాడు. గొంతు మరీ బాగుంటుంది, అదొక్కటే లోపం.

మీసాలాయన ఏటేటా డిసెంబరు నాలుగున వాళ్ళ వీధి బ్యాండు వీడియో పంపుతాడు. ఇప్పుడు నేనుండే గోపాలపట్నం నుంచి బస్సెక్కి, ఒడ్డున బావ ఇంటికి పట్టుకెళ్తాను. పోయినసారి కూడా వెళ్ళాను. ముంగిట్లో కూర్చుని, నల్ల కోట్లూ ఎర్ర ఈకలూ ఇత్తడి బూరలూ మొత్తం చివరిదాకా చూశాడు. ఫోను నా చేతికిచ్చి అన్నాడు:

“శానా బాగా వాయిస్తన్నారు బావా. అన్నీ ఉన్నాయి గానీ, నీమీద నాలుగు మాటలు నేవు.”

ఆ లోటు అతనే తీర్చాడు. నేను హైసా కొట్టాను.